ఇంటర్వెల్ తర్వాత పడిన పేర్లు

“నేను అడిగింది కథ కాదు యలమందా. టైము.”

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ దుర్గాంబ ఆ మాట అనడం ఎన్నోసారో ఆమెకే లెక్క తప్పింది. బల్లకు అవతల కూర్చున్న లారీ డ్రైవర్ యలమంద సంకెళ్ళ చేతులతోనే తల గోక్కున్నాడు.

“టైము నాకెట్టా తెలుస్తదమ్మా? చేతికి వాచీ లేదు. ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఈరో బావిలో గడియారం పడేశాడు చూడండి, అప్పుడు లేచి బయటికొచ్చా. బీడీ కాల్చుకున్నా. మళ్ళీ లోపలికి పోబుద్ధి కాలా. ఇంటికి పోయి పడుకున్నా.”

“అంతకు ముందు ఏం చూశావు?”

“శవాన్ని చూపించాడు. ఈరో పెళ్ళాం శవం. పోలీసోళ్ళు వచ్చారు. ఏందేందో అయింది. ఇంటర్వెల్లో పకోడీ తిన్నా. తర్వాత కాసేపటికి బావి.”

దుర్గాంబ కళ్ళు మూసుకుంది. ఈ మాటల వల్లే ఈ మనిషి జైలుకు పోబోతున్నాడు. అయినా మార్చడు. మార్చి చెప్పడం చేతకాని మనిషిలా చెప్పిందే చెబుతున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకు తిమ్మరాజుపేట జిన్నింగ్ మిల్లు యజమాని బాపయ్య తన ఆఫీసు గదిలో హత్యకు గురయ్యాడు. సమయం విషయంలో సందేహం లేదు. గుంటూరు పత్తి బ్రోకరుతో ఫోన్లో మాట్లాడుతుండగా దెబ్బ పడింది. కేక విన్న బ్రోకరు గడియారం చూశాడు. ముందురోజే, పత్తి బోరాలు వానలో తడిశాయన్న కోపంతో బాపయ్య మిల్లు గేటు ముందు యలమంద చెంప పగలగొట్టాడు. “నీ అంతు చూస్తా” అని యలమంద అరిచాడు. హమాలీలందరూ విన్నారు. హత్య జరిగిన సమయంలో ఎక్కడున్నావని అడిగితే సినిమాలో ఉన్నానన్నాడు. ఆ సినిమా పేరు ‘నిన్నటి తలుపు’. కథానాయకుడు ఒక తలుపు తీసి నిన్నలోకి వెళ్ళి, జరిగిపోయిన ఒక హత్యను ఆపాలని చూస్తాడట. నేరమూ కాలయానమూ కలిపిన చిత్రం.

ఊళ్ళో సినిమాలకు కొదవ లేదు. హత్య జరిగిన రోజున ఏ సినిమా ఆడాలో కూడా తన దురదృష్టమే నిర్ణయించిందని దుర్గాంబ నమ్మకం. ఎవరిని పిలిచి ఏమడిగినా గంటల్లో చెప్పడం లేదు, సీన్లలో చెబుతున్నారు. “హీరో రెండోసారి తలుపు తీసినప్పుడు” అంటాడొకడు. “విలన్ ఎవరో తెలిశాక” అంటుంది ఇంకొకామె. అక్కడితో ఆగరు. కథలో తప్పులు ఎత్తిచూపుతారు. నిన్నలోకి వెళ్ళినవాడు నిన్నటి తనకు ఎదురుపడడా అని పోలీసులనే నిలదీస్తారు.

తలుపు తోసుకుని అనిల్ కుమార్ లోపలికి వచ్చాడు. జిల్లా నుంచి వచ్చిన ప్రత్యేక బృందానికి ఇన్‌స్పెక్టర్. వచ్చిన నాటి నుంచి కేసును దుర్గాంబ చేతిలోంచి ఒక్కో వేలూ విడదీసి లాక్కుంటున్నాడు.

“ఇంకా అయిపోలేదా మేడమ్? మూడున్నరకి మా జీపు కదులుతుంది. ఐదులోపు పేట కోర్టులో మేజిస్ట్రేటు గారి ముందు పెట్టాలి.”

“ఇతని మాటల్లో నాకు అర్థం కానిది ఉంది.”

“అర్థం కాకపోవడానికేముంది? అబద్ధం కదా.” అనిల్ కుమార్ గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి నడిచాడు. అక్కడి అంకెలు అతను రాసినవే. “బొమ్మ పడింది రెండుంబావుకి. బావి సీన్ అరగంటకు వస్తుంది, అంటే రెండూ నలభై ఐదు. అప్పుడు లేచి బయటికొచ్చానని వీడే ఒప్పుకుంటున్నాడు. అక్కణ్ణించి మిల్లు నడిచి పావుగంట. మూడింటికి బాపయ్య తల పగిలింది. ఇక శవం సీన్ ఉంది చూశారూ, అది సెకండాఫ్‌లో వస్తుంది. బావి సీన్‌కే లేచిపోయినవాడికి సెకండాఫ్ సంగతి ఎట్లా తెలుసు? ఎవడో చెబితే విన్నాడు. అది కూడా సరిగ్గా వినలేదు. ఏరా, బావి ముందా, ఇంటర్వెల్ ముందా?”

“ఇంటర్వెల్ ముందండీ. పకోడీ తిన్నాక బావి.”

“చూశారా!”

“ఈ టైములు మీకెవరు చెప్పారు?” అంది దుర్గాంబ.

“ఒకరు చెప్పేదేముంది మేడమ్? ఆదివారం నేను అత్తగారింటికి ఈ ఊరొచ్చాను. అదే మ్యాట్నీకి వెళ్ళాను. బాల్కనీ. బావి సీన్ దగ్గర బోరుకొట్టి వాచీ చూసుకున్నాను. రెండూ నలభై ఐదు. ఇంకోటి, మీకు అనుమానమున్న ఆ కుర్రాడు సాయికౌశిక్ కింద మూడో వరసలో కూర్చుని ఉన్నాడు. చివరిదాకా ఉన్నాడు.”

“మీరు ఈ కేసులో సాక్షా, ఆఫీసరా?”

“రెండూ. అందుకే తొందరగా తేలుతోంది. మీరు ఒకటే కాబట్టి ఆలస్యమవుతోంది.”

యలమంద ఇద్దరినీ మార్చి మార్చి చూసి అన్నాడు: “అమ్మా, నాకు ఆ సినిమా మళ్ళీ చూపిస్తే గుర్తు చేసుకుని చెబుతానమ్మా.”

అనిల్ కుమార్ పగలబడి నవ్వాడు. దుర్గాంబ టోపీ తీసుకుని బయటికి నడిచింది. మెట్ల మీద యలమంద భార్య సుబ్బరావమ్మ అన్నం క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ అక్కడే ఉంది.

“పెట్టనిస్తారా అమ్మా?” అంది.

“పెట్టనిస్తారు. నేను వచ్చేదాకా ఇక్కడే ఉండు.”

జీపులో ఆమె ఆలోచన సాయికౌశిక్ చుట్టూ తిరిగింది. బాపయ్య తమ్ముడి కొడుకు, మిల్లు మేనేజరు. మిల్లును సోమవారం కూతురు అమూల్య పేర రిజిస్టరు చేయాలని బాపయ్య నిశ్చయించుకున్నాడు. ఆదివారం చనిపోయాడు. మేనేజరుకు కారణం ఉంది. కాని సాక్ష్యమంతా అతని వైపే ఉంది. అతని టికెట్ గేటు దగ్గర స్కాన్ అయింది. ఊరికంతటికీ సెల్ టవరు ఒక్కటే కనుక ఫోను ఏమీ చెప్పదు. థియేటర్లో కెమెరాలు నాలుగు నెలలుగా పనిచేయడం లేదు. ఆట వదలగానే అతను తన పేజీలో రివ్యూ పెట్టాడు. ఎక్కడా తడబాటు లేకుండా, మొదటి నుంచి చివరి దాకా వరసగా రాశాడు. వరసగా చెప్పినవాడు నిర్దోషి. తడబడినవాడు హంతకుడు. రెండు రోజులుగా తానూ ఆ కొలతతోనే కొలుస్తోంది. ఆ కొలతను ఎవరు చేతికిచ్చారో మాత్రం ఆలోచించలేదు.

*

థియేటరు వసారాలో ఆత్రేయ ఎదురుచూస్తున్నాడు. జూనియర్ కాలేజీలో లాజిక్ చెప్పే లెక్చరర్. ఆదివారం మ్యాట్నీ చూసిన ముప్పై మందిలో ఒకడు.

“సాయికౌశిక్ మీకు కనిపించాడా?”

“కనిపించాడు మేడమ్. బొమ్మ పడకముందు నా ముందు వరసలో ఫోన్ చూసుకుంటున్నాడు.”

“ఇంటర్వెల్లో?”

“గమనించలేదు.”

“ఆట వదిలాక?”

“అప్పుడు నేను మనుషుల్ని చూసే స్థితిలో లేను.”

“అంటే?”

“ఏడ్చాను మేడమ్.”

దుర్గాంబ వెనక నిలబడి రాసుకుంటున్న కానిస్టేబుల్ ఫర్హానా పెన్ను ఆపింది. “నేనూ ఏడ్చాను సార్. టికెట్ డబ్బులకి.”

“ఫర్హానా!”

“కాదు మేడమ్, శుక్రవారం ఫస్ట్ షో ఇక్కడే చూశా. తలనొప్పి మాత్ర వేసుకుని పడుకున్నా. ఈ సార్ ఫేస్‌బుక్‌లో అద్భుతం అని రాస్తే, అది నమ్మి సోమవారం మా ఆడపడుచు వాళ్ళు వెళ్ళి మేనేజర్‌తో కొట్లాట పెట్టుకున్నారు.”

“నన్ను కూడా చాలామంది తిట్టారమ్మా,” అన్నాడు ఆత్రేయ గాయపడిన గొంతుతో. “నా పోస్టు కింద బూతులు. ఆదివారం మ్యాట్నీ చూసిన మేమంతా మాత్రం ఒక్కటే మాట. ఊళ్ళో మరి ఎవరికీ ఎక్కలేదు. ఎందుకో నాకు అంతుపట్టడం లేదు.”

“ఎక్కడానికి ఏముంది సార్? మొదటి గంటంతా వాడు తలుపు తీసి నిన్నలోకి పోతాడు, వస్తాడు, పోతాడు. ఎందుకు పోతున్నాడో చెప్పడు.”

“ఎందుకో తెలియకపోవడమేమిటమ్మా? భార్య శవం ముందే చూపించాడు కదా! అది చూశాక వాడు తలుపు తీసిన ప్రతిసారీ మన గుండె—”

“ముందెక్కడ చూపించాడు? ఇంటర్వెల్ తర్వాత కదా!”

“మొట్టమొదటి షాటే శవం! తెర మీద పేర్లు కూడా వెయ్యకుండా నేరుగా శవం. ఇంటర్వెల్ అయ్యాక వేశాడు పేర్లు. ఆ తెగువ ఎవరికుంటుంది? హాలంతా చప్పట్లు.”

“పేర్లు ముందే పడ్డాయి సార్. నేను పాప్‌కార్న్ కొనుక్కొచ్చేసరికి సగం పేర్లు అయిపోయాయి.”

“నేను అబద్ధం చెబుతున్నానా?”

“మరి నేను చెబుతున్నానా?”

“చాలు!” దుర్గాంబ అరుపుకు టికెట్ కిటికీలోంచి ఒక తల బయటికి వచ్చి మళ్ళీ లోపలికి పోయింది. “ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. రెండు రోజులుగా ఈ ఊళ్ళో ఒక్కరూ నాకు టైము చెప్పరు. సినిమా చెబుతారు. అదైనా ఒకలాగా చెబుతారా అంటే—”

వాక్యం పూర్తి కాలేదు.

ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ సంగతి ఆమెకు వాళ్ళ ముఖాల్లో కాదు, వాళ్ళ కోపంలో తెలిసింది. అబద్ధం చెప్పేవాడు ఇంత చిన్న విషయానికి ఇంత బాధపడడు. ఇద్దరూ నిజమే చెబుతుంటే, ఇద్దరూ చూసినది ఒకటి కాదు.

“ఆత్రేయ గారూ, బావిలో గడియారం పడేసే సీన్ ఎప్పుడు వచ్చింది?”

“పేర్లు పడ్డాక. ఇంటర్వెల్ అయిన అరగంటకు అనుకుంటాను.”

“ఫర్హానా, నీకు?”

“ఇంటర్వెల్‌కి చాలా ముందు మేడమ్.”

“మేడ మీదికి దారెటు?” అంది దుర్గాంబ.

*

ప్రొజెక్టర్ గదిలో ఏసీ కింద బకెట్ పెట్టి ఉంది. నీటి బొట్టు పడినప్పుడల్లా ఆపరేటరు నాగూర్ వలి అటు చూస్తున్నాడు. కింద మ్యాట్నీ నడుస్తోంది. పెద్ద యంత్రం పక్కన ఒక కంప్యూటరు, దాని తెర అంచున ఒక తెల్లటి ప్లాస్టరు. ప్లాస్టరు మీద లావుపాటి మార్కరుతో రాసి ఉంది: ముందు 1. తర్వాత 2.

దుర్గాంబ ఆ ప్లాస్టరును గోటితో గీకింది. అంచు ఇంకా జిగురుగానే ఉంది. తెర మీద అంగుళం మందాన పేరుకున్న దుమ్ము ప్లాస్టరు మీద లేదు.

“ఎన్నేళ్ళుగా చేస్తున్నారు ఈ పని?”

“రీళ్ళ కాలం నుంచి అమ్మా.”

“అయితే ఒకటి తర్వాత రెండు వస్తుందని ఎప్పుడు నేర్చుకున్నారు?”

నాగూర్ వలి స్టూలు మీద కూర్చుండిపోయాడు. బొట్టు పడింది. ఈసారి అటు చూడలేదు.

“మేనేజర్‌కి చెప్పొద్దమ్మా.”

“ముందు నాకు చెప్పండి.”

“ఇప్పుడు సినిమా రెండు ముక్కలుగా వస్తదమ్మా. ఫస్టాఫ్ ఒకటి, సెకండాఫ్ ఒకటి. మిషన్లో వరసగా పెట్టి నొక్కితే అదే ఆడుకుంటది. ఆదివారం అన్నానికి పోయే తొందరలో రెండోది ముందు పెట్టేశా. నొక్కి కిందికి పోయా. వచ్చేసరికి తెర మీద చివరి పేర్లు పైకి పాకుతున్నయ్. నా గుండె ఆగిపోయింది. టక్కున ఆపి లైట్లేశా. జనం ఇంటర్వెల్ అనుకుని పకోడీలకి పోయారు.”

“ఎవరూ అడగలేదా?”

“అదే నాకూ అర్థం కాలా. ఫ్యాను నిమిషం ఆగితే కుర్చీలు చించే జనం అమ్మా ఇది. తలుపు సందులోంచి చూశా. ఎవడో లెక్చరర్ అంట, ‘ఇదమ్మా స్క్రీన్‌ప్లే’ అని పక్కవాడికి చెబుతున్నాడు. ఇక చేసేదేముంది? ఇంటర్వెల్ తర్వాత మొదటి ముక్క వేశా. ఆట వదిలాక ఒక్కరు తిట్టలా. మిగతా అన్ని ఆటలకీ తిట్టారు, సరిగ్గా వేసినవాటికి.”

దుర్గాంబకు నవ్వు రావలసింది. రాలేదు. శవాన్ని ముందు చూసి, ఆ శవానికి దారితీసిన రోజును తర్వాత చూసినవాళ్ళకు కథ అర్థమైంది. తన ఉద్యోగం కూడా అంతే కదా, ప్రతి కేసులోనూ తాను రెండో సగం నుంచే మొదలుపెడుతుంది. అయినా సరైన వరస అంటే గడియారం చెప్పేదేనని రెండు రోజులు మొండిగా నమ్మింది.

“ఇంటర్వెల్ ఎన్నింటికి ఇచ్చారు?”

నాగూర్ వలి మిషన్లో మీటలు నొక్కి తెర ఆమె వైపు తిప్పాడు. మిషన్ మరిచిపోలేదు. రెండో సగం రెండుంబావుకు మొదలైంది. మూడూ ఇరవై ఐదుకు ఆగింది. మొదటి సగం మూడూ నలభైకి మొదలైంది. అంటే బావి సీన్ తెర మీదికి వచ్చింది నాలుగూ పదికి.

యలమంద చెప్పిందంతా ఆమెకు ఇప్పుడు వినిపించింది. శవం. పోలీసులు. పకోడీ. బావి. అక్షరం పొల్లు లేదు. మూడింటికి అతను తన కుర్చీలో కూర్చుని ఆ రెండో సగాన్నే చూస్తున్నాడు.

ఫర్హానా మెల్లగా అంది: “మేడమ్, మరి సాయికౌశిక్ రివ్యూలో పేర్లు మొదట్లోనే పడ్డాయి.”

“అవును. టికెట్ స్కాన్ చేయించుకుని, బొమ్మ పడే వేళకు లేచిపోయాడు. కథ ఎక్కడో ముందే చూసి ఉంచుకున్నాడు.”

మెట్లు దిగుతుండగా ఆమె కాలు ఆగింది. ఫర్హానా వెనక నుంచి దాదాపు ఢీకొట్టింది.

“ఏమైంది మేడమ్?”

“ఏమీ లేదు. పద.”

ఏమీ లేదని అనుకోవాలనే ఉంది ఆమెకు. ఆ ఒక్క ఆలోచన ఆమె వెంట జీపెక్కి కూర్చుంది.

*

స్టేషన్ చేరేసరికి మూడుంబావు. ప్రత్యేక బృందం జీపు వేపచెట్టు కింద ఆగే ఉంది. సుబ్బరావమ్మ మెట్ల మీదే ఉంది. దుర్గాంబ గదిలో సాయికౌశిక్ తెల్లచొక్కాలో, స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. కిటికీ దగ్గర అనిల్ కుమార్ టీ తాగుతున్నాడు. అతను ఇక్కడుండగా జీపు కదలదని ఆమె లెక్క వేసుకుంది. పావుగంట ఉంది. ఈలోగా కుర్రాడి నోటి నుంచి మాట రావాలి, థియేటరు సంగతి చెవిన పడకముందే రావాలి.

“సంతకానికి ముందు ఒక్కసారి సినిమా చెప్పండి,” అంది కూర్చుంటూ.

“మళ్ళీనా మేడమ్? మా పెదనాన్న పోయి రెండు రోజులు. ఇంట్లో జనం ఉన్నారు.”

“మళ్ళీనే.”

అతను నిట్టూర్చాడు. “మొదట పేర్లు పడతాయి. హీరో పాత ఇంట్లో తలుపు తీస్తాడు, నిన్నలోకి వెళతాడు. రెండు మూడుసార్లు వెళ్ళొస్తాడు. కాలం మీద కోపంతో బావిలో గడియారం పడేస్తాడు. ఇంటర్వెల్ దగ్గర తలుపు తీస్తే అవతల తనే నిలబడి ఉంటాడు. ఆ సీన్‌కి హాల్లో సూది పడితే వినపడేది. తర్వాత భార్య శవం, పోలీసులు, క్లైమాక్స్. నేను మూడున్నర రేటింగ్ ఇచ్చాను.”

బయట ఏదో బండి స్టార్టయిన చప్పుడు. దుర్గాంబ తల తిప్పలేదు. అనిల్ కుమార్ ఎదుటే ఉన్నాడు.

“పేర్లు మొదట్లోనే పడ్డాయా?”

“ఇంకెప్పుడు పడతాయి మేడమ్?”

అనిల్ కుమార్ టీ గ్లాసు కిటికీలో పెట్టాడు. “మేడమ్ గారు సినిమాలు చూడరు కౌశిక్. అందుకే కేసులో కూడా సీన్లు ఎక్కువైపోతున్నాయి. ఏంటి మేడమ్ ఇది, విచారణా, సినిమా రివ్యూనా?”

“మీరూ అదే ఆటలో ఉన్నారు కదా. మీరే చెప్పండి. పేర్లు ఎప్పుడు పడ్డాయి?”

“మొదట్లోనే. నల్ల తెర మీద ఎర్ర అక్షరాలు.”

“కళ్ళారా చూశారు.”

“బాల్కనీ మొదటి వరసలో కూర్చుని చూశాను.”

“బావి సీన్ ఇంటర్వెల్ ముందే.”

“వాచీ చూసుకున్నానని ఎన్నిసార్లు చెప్పాలి? రెండూ నలభై ఐదు!”

“ఫర్హానా, రాసుకున్నావా?”

“రాశాను మేడమ్.” ఫర్హానా తలెత్తి అనిల్ కుమార్ వైపు చూసింది. ఆమెకూ అర్థమైంది.

థియేటరు మెట్ల మీద తనను ఆపిన ఆలోచన ఇదే. కుర్రాడి వరసా, ఈ మనిషి వరసా ఒక్కటే. రెండు రోజులుగా అతను గీసిన బోర్డును ఆమె చూసింది, విసుక్కుంది, అనుమానించలేదు. తాను వేసుకున్న యూనిఫారమే అతనూ వేసుకున్నాడు గనక. యలమంద మాటను పదిసార్లు తిప్పి అడిగిన తాను ఇతని మాటను ఒక్కసారి కూడా అడగలేదు.

“ఆదివారం మ్యాట్నీలో,” అంది నెమ్మదిగా, “ఆపరేటరు పొరపాటున రెండో సగం ముందు వేశాడు. శవం మొదట వచ్చింది. పేర్లు ఇంటర్వెల్ తర్వాత పడ్డాయి. గడియారం బావిలో పడింది నాలుగూ పదికి. ఆ హాల్లో ఉన్న ముప్పై మందికీ తెలుసు, యలమందతో సహా. ఇద్దరికే తెలియదు.”

సాయికౌశిక్ చేతిలో పెన్ను కాగితం మీద చిన్న చుక్క పెట్టి ఆగిపోయింది. అతను దుర్గాంబ వైపు చూడలేదు. కిటికీ వైపు చూశాడు.

“బావా,” అన్నాడు. రెండు రోజులుగా ‘సార్’ తప్ప మరో మాటతో పిలవని నోరు అది. “శుక్రవారం గుంటూరులో మనం చూసినప్పుడు పేర్లు ముందే—”

“నోరు ముయ్యరా!”

అనిల్ కుమార్ ముఖంలో కోపం ఎంత త్వరగా వచ్చిందో అంత త్వరగా పోయింది. దాని స్థానంలో వచ్చిన ప్రశాంతతే దుర్గాంబను భయపెట్టింది. అతను చొక్కా సర్దుకున్నాడు.

“ఎవరో ఆపరేటరు మాట. ఎవడో లారీ డ్రైవరు మాట. డ్రైవరు లేకపోతే ఆ మాటకు విలువెంత మేడమ్?” అని, తన వాచీ వైపు కాకుండా ఆమె వాచీ వైపు చూశాడు. “ఇప్పుడు టైమెంతయింది?”

దుర్గాంబ లేచింది. కిటికీలోంచి చూస్తే వేపచెట్టు కింద చక్రాల గుర్తులున్నాయి. జీపు లేదు.

“ఫర్హానా, ఇద్దరి ఫోన్లూ తీసుకో. ఈ గదికి తాళం వెయ్యి, తాళంచెవి నీ చేతిలోనే ఉండాలి. స్టేషన్ రైటర్ని పిలువు!”

ఆమె వరండాలోకి పరుగెత్తేసరికి సుబ్బరావమ్మ ఎదురొచ్చింది. మూత తీయని క్యారేజీ ఇంకా చేతిలోనే ఉంది.

“అమ్మా, పేట కోర్టుకన్నారుగా? మరి జీపు ఒంగోలు వైపు తిప్పారేంటమ్మా? ‘అన్నం తినలేదయ్యా’ అని నేను అరుస్తానే ఉన్నా. ఆపలేదు. సంకెళ్ళు కూడా తీసేశారు. ఇంటికి పంపిస్తారేమో అనుకున్నా.”

సంకెళ్ళు తీసేశారు. పారిపోబోయాడని చెప్పడానికి చేతులు ఖాళీగా ఉండాలి.

“ఎంతసేపైంది సుబ్బరావమ్మా? సరిగ్గా చెప్పు. జీపు కదిలి ఎంతసేపైంది?”

సుబ్బరావమ్మ బిత్తరపోయి, తన కళ్ళకు అర్థం కాని వరండా గోడ గడియారం వైపు ఒకసారి చూసింది.

“టైము నాకేం తెలుసమ్మా? లోపల ఆ అబ్బాయి మీకు పేర్లు పడ్డాయని చెబుతున్నాడు చూడండి, అప్పుడు.”